అమ్మమ్మకు వినబడని తారం

ఊరి శివారు ద పాండ్స్‌లోని మా కొత్త ఇంట్లో నా కూతురు హోంవర్కుకి కూర్చుని పెన్సిల్ చెక్కుతుంటే, ఆ చెక్కపొట్టు వాసన నన్ను ఒక్కసారిగా హారిస్ పార్క్‌లో చిన్నప్పుడు మేం అద్దెకున్న ఫ్లాట్‌లోకి, కిటికీ పక్క కుర్చీలో బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్న అమ్మమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

అమ్మానాన్నలు ఉద్యోగాలకు పోతే నన్నూ, నాలుగేళ్ళ తమ్ముడు చిన్నూనీ చూసుకోడానికి గుంటూరు నుంచి ఈ దేశం వచ్చిన అమ్మమ్మకు, ఎవరు ఇండియా వెళ్ళినా తెచ్చిపెట్టే పాత వారపత్రికల్లోని గళ్ళ నుడికట్టే లోకం. ఇక్కడ డిసెంబరే ఎండాకాలం; ఆ ఎండల్లో, ఇంగువ తిరగమోత ఘాటు ఇంకా గదిలో ఉండగానే, మామిడి టెంక చీకుతున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆధారాలు చదివేది. హెచ్చు స్వరం, రెండక్షరాలు. నేను తెల్లమొహం వేస్తే, "తారమే పిల్లా! తార అంటే చుక్క, తారమంటే గొంతు పైకెళ్ళే చోటు," అనేది. కత్తికీ మాటకీ ఉండే వాడి, చెవిని గుచ్చే కీచు, అన్నీ అలా నేర్చుకున్నవే. బయట చెట్లనిండా సికాడాలు, మన కీచురాళ్ళ లాంటివే, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, "ఈ ఊరు ఎంత నిశ్శబ్దమే!" అనేది. పరాచికమనుకుని నవ్వేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వస్తుంటే మెట్లమీదికే చిన్నూ కేకలు వినబడ్డాయి. తాళం తీసి లోపలికి పరిగెత్తేసరికి, అమ్మమ్మ కిటికీ వైపు తిరిగి తాపీగా గళ్ళు నింపుకుంటోంది. స్నానాలతొట్టిలోకి దిగి వేణ్ణీళ్ళ కుళాయి తిప్పుకున్న వాడు, పైకి ఎక్కలేక, "హాట్, అక్కా, హాట్!" అని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మోకాళ్ళ దాకా తోలు ఊడిపోయింది.

ఆస్పత్రి వరండాలో అమ్మ, "పిల్లాడు గొంతు చించుకుంటుంటే వినపళ్ళేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావమ్మా?" అని అరిచింది.

"నిజంగానే వినపళ్ళేదే," అంది అమ్మమ్మ గోడకానుకుని. "వాడి గొంతు నాకు వినబడి చాన్నాళ్ళయింది. వాడు నవ్వితే మొహం చూసి నేనూ నవ్వేదాన్ని. చెబితే పిల్లల్ని నాకు వదలరేమోనని..."

వయసు మీదపడితే సన్నటి, పై స్థాయి చప్పుళ్ళే ముందు పోతాయని, మా మాటలు వినబడుతుండటంతో ఎవరం కనిపెట్టలేకపోయామని తర్వాత డాక్టరు చెప్పాడు. చెవి మిషన్ పెట్టించి తెచ్చిన రోజే, నర్సు ఇంటికొచ్చి చిన్నూ కట్లు మారుస్తోంది. వాడు పెట్టిన కేకకు అమ్మమ్మ కుర్చీలోంచి అదిరిపడి లేచింది.

"కాసేపు ఆ మిషన్ తీసెయ్యమ్మా," అంది అమ్మ.

అమ్మమ్మ తల అడ్డంగా ఊపి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, కట్టు పూర్తయ్యేదాకా వింటూ కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన పత్రికలు విప్పనే లేదు. మరుసటి ఎండాకాలం చూడకుండానే పోయింది.

ఆ ఫ్లాట్లు పడగొట్టేశారు. తారమంటే నా కూతురికి తెలియదు. చెప్పబోతే, "లేటర్, మమ్మీ," అంటుంది. వేరే ఊళ్ళో, గంగాలిన్‌లో ఉంటున్న చిన్నూ, ఎంత ఎండలోనైనా పొడుగు ప్యాంటే వేసుకుంటాడు. వాడు ఫోన్ చేసి "అక్కా" అన్నప్పుడల్లా, ఆ లావుపాటి బొంగురు గొంతు వింటూ అనుకుంటాను, ఈ గొంతైతే ఏ మిషనూ లేకుండానే అమ్మమ్మకు వినబడేది.