ముఖానికి అడ్డమున్న కెమెరా

కెమెరాల గురించి ఎవరు మాట్లాడినా నాకు ఒళ్ళు మండుతుంది. మా మరిది ఫొటో స్టూడియోలో కుర్చీలు వేసుకుని, పాతది మంచిదా కొత్తది మంచిదా అని వాదించుకునే మగవాళ్ళను చూస్తే ఇంకా మండుతుంది. బరువంటారు, బ్యాటరీ అంటారు, చీకట్లో ఎట్లా పడుతుందంటారు. ఆ రెండూ నా చేతుల్లో ఆడినవే. ఏది ఏం చేస్తుందో నేను చెబుతాను. నాకు అక్షరాలు కూడబలుక్కునేంత మాత్రమే వచ్చు కాబట్టి, నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. కొంచెం కోపం తగ్గించి రాస్తానమ్మా అంది. తగ్గించకు, ఉన్నదున్నట్టు రాయి అన్నాను.

పాతది నా భర్తది. డీఎస్ఎల్ఆర్ అంటారు దాన్ని. ఆయనది గోదావరిఖనిలో బొగ్గు గనిలో పని, మేము బాయి పని అంటాం. నైట్ షిఫ్టు దిగి వచ్చి, తలకు పోసుకుని, కంటి కింద చారలా మిగిలిన నలుపుతోనే పెళ్ళి ఫొటోలు తీయడానికి పోయేవాడు. నేను లైటు పట్టుకుని వెంట పోయేదాన్ని. బాయిలో అందరి నెత్తినా లైట్లుంటాయి. ఎదురుగా మనిషి వస్తే తల పక్కకు తిప్పుకోవాలి, ఆ మనిషి కళ్ళల్లో వెలుతురు కొట్టకూడదు. అది అక్కడి మర్యాద. ఆ మర్యాదను ఆయన పెళ్ళిళ్ళకు కూడా తెచ్చాడు. ఫ్లాష్‌ను ఎన్నడూ మనిషి ముఖం మీద కొట్టలేదు. పైకప్పుకో, పక్క గోడకో తిప్పి కొట్టేవాడు.

"మొఖం మీద కొడితే మనిషి లోపలికి దాక్కుంటడు. పక్కకు కొట్టు, మెల్లగ బయటికొస్తడు" అనేవాడు.

ఊపిరి జబ్బుతో దవాఖానలో పోయాడు. పదో రోజున ఆడవాళ్ళు చుట్టూ చేరి నా బొట్టు తుడిచారు, గాజులు పగలగొట్టారు. వాళ్ళలో సగం మంది పెళ్ళి ఫొటోలు ఆయన తీసినవే. తర్వాత నా బిడ్డ, అమ్మా, మళ్ళీ పెట్టుకో, ఈ రోజుల్లో ఎవరేమంటారు అని ఎంతో బతిమాలింది. నేను పెట్టుకోలేదు. తుడిచిన చోటు తుడిచినట్టే ఉండాలి. చూసినప్పుడల్లా తుడిచినవాళ్ళకు గుర్తు రావాలి.

బొట్టు పోయింది కానీ కెమెరా ఉంది. స్టూడియో నడిపే మా మరిదికి ఆడవాళ్ళ పక్క తీసే మనిషి కావాలి. నేను మొదలుపెట్టాను. ముందుగా పిలిచింది ముస్లింల ఇండ్ల వాళ్ళు. నిఖాకు ఆడవాళ్ళు కూర్చునే గదిలోకి మగ ఫొటోగ్రాఫరు పోవడానికి లేదు. "ఆవో ఆపా, పహలే చాయ్ పీవో" అని, రా అక్కా ముందు చాయ్ తాగు అని కూర్చోబెట్టేవాళ్ళు. నా నుదుటి మీద ఏముంది, ఏం లేదు అని ఒక్కరు చూడలేదు. తర్వాత మన హిందువుల ఇండ్ల నుంచీ పిలుపులొచ్చాయి. సీమంతాలు, నలుగులు, పెళ్ళిళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు. లోకం మారిందనుకున్నాను. నా పిచ్చి గాని.

ఆ పాత కెమెరాను నాకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. దాని చేతి పట్టు రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించాడు ఆయన. దాని మీద ఇంగ్లీషు రాతలన్నీ అరిగిపోయాయి, నాకేం నష్టం లేదు. ప్రతి పనికీ ఒక బటనుంది, ఒక చక్రముంది. చక్రం తిప్పితే టిక్కు టిక్కుమని వేలికి తెలుస్తుంది. కన్నంలో కన్ను పెడితే లోపలున్న అద్దంలో నుంచి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, బొమ్మ కాదు. నొక్కితే ఆ అద్దం ఎగిరిపడి టపుక్కుమంటుంది. ఒక్క బ్యాటరీ పొద్దటి నలుగు నుంచి అప్పగింతల దాకా వస్తుంది. బరువంటారా? నిజమే. మెడ నరం పట్టేస్తుంది. కుడి భుజం వాన ముసురు పట్టిన రోజు పైకి లేవదు.

ఆ భుజం చూసే మా మరిది కొత్తది కొన్నాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. అరచేతిలో పట్టేంత పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"గిది జూడు వదినా. మిర్రర్‌లెస్ అంటరు. పాతదాంట్ల సగం బరువు గూడ లేదు. సంచిల ఏస్కుంటె ఉన్నట్టే ఎరుక గాదు."

"మిర్రర్ అంటే?"

"అద్దం. పాతదాంట్ల అద్దం ఉంటది గదా, గది లేస్తది పడ్తది, గందుకే గంత చప్పుడు. గిండ్ల అద్దమే లేదు."

"అద్దం లేకుంటె ఎట్ల చూస్తవురా?"

"ఎనకాల తెర ఉన్నది, సెల్‌ఫోను లెక్క. గండ్ల చూస్కుంట తీసుడే. చిన్నగ ఉండాలెనని కన్నం గూడ తీసేసిన్రు."

"అద్దం తీసిన్రు, కన్నం తీసిన్రు. ఇగ ఫొటోలు గూడ తీసిపెడ్తదా, నన్ను తీసేస్తదా?"

నవ్వాడు. "ఇగ గా పాత డబ్బ ఎక్స్‌ఛేంజ్‌ల ఇచ్చేద్దాం. ఏం పాడుగాను, మూలకుంటె దుమ్ము వడ్తది."

"డబ్బనా? నీ పెండ్లిల నీ మొఖం మనిషి మొఖం లెక్క పడ్డదంటె గా డబ్బ పుణ్యమే. నా ఇంట్లకెళ్ళి అది కదల్ది."

కొత్తదాన్ని నేను ఊరికే తిట్టను. పక్క క్వార్టర్ పిల్లను వాకిట్లో నిలబెట్టి చూశాను. పిల్ల అటూ ఇటూ దుంకుతుంటే తెర మీద చిన్న చదరపు గడి ఆ పిల్ల కంటిని పట్టుకుని వదల్లేదు. ఎటు దుంకితే అటు పోయింది. ఫ్లాష్ లేకుండా చీకటి వంటింట్లో కూడా ముఖం తెల్లగా, సాఫుగా వచ్చింది. చప్పుడే లేదు, తీశామో లేదో మనకే తెలియదు. పాతది ఇంత చేయలేదు, ఒప్పుకున్నాను. చేతగానివీ ఉన్నాయి. ఎండలోకి పోతే తెర నల్లబడి ఏమీ కనబడదు. బ్యాటరీ పొద్దెక్కకముందే అయిపోతుంది. బటన్లు తీసేసి అన్నీ తెర లోపల అక్షరాల్లో దాచారు, అవి చదవడానికి నాకు మా మరిది కావాలి. అయినా భుజం సుఖపడిందని కొత్తదాన్నే సంచిలో వేసుకుని నస్పూర్‌లో ఒక పెళ్ళికి పోయాను. మా మరిదేమో, కొత్తది మొరాయిస్తే చేతికి అలవాటైనది ఒకటి ఉండాలి కదా వదినా అని, పాతదాన్ని కూడా ఆటోలో పెట్టించాడు.

పెళ్ళికూతురి ఇల్లు కంపెనీ క్వార్టర్. వాకిట్లో పందిరి వేసి, పీట మీద పిల్లను కూర్చోబెట్టి నలుగు పెడుతున్నారు. ఇప్పుడందరూ హల్ది అంటున్నారు. పసుపు చీరలు, పసుపు పూలు. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి చెంపలకు, చేతులకు పసుపు రాస్తున్నారు. నేను కొత్త కెమెరాను రొమ్ము దగ్గర పట్టుకుని, తల కొంచెం వంచి తెర చూసుకుంటూ పిల్లకు ఎదురుగా నిలబడ్డాను. పందిరి కింద వెలుతురు మెత్తగా ఉంది. బాగా వస్తున్నాయి. నాకు నిజంగా సంతోషంగానే ఉంది ఆ నిమిషం.

పిల్ల మేనత్త పసుపు గిన్నెతో వంగబోయి, తల ఎత్తి నన్ను చూసింది. చూసి ఆగిపోయింది.

"ఎవరామె? పిల్లకు ఎదురుంగ నిలవెట్టిన్రు. నొసట బొట్టు లేదు, చేతికి గాజు లేదు."

ఎవరో "ఫొటోలామె" అన్నారు.

"ఫొటోలామె అయితె? శుభమా అని పసుపు వెడ్తుంటె పిల్ల కండ్లెత్తి మొదాలు సూసేది గీమెనేనా? ఓ అమ్మా, నీకన్న ఎరుక ఉండొద్దా? పక్కకు జరుగు."

ఆమెను నేను ఎరుగుదును. అదే నాకు మంట. రెండు సంక్రాంతులు కూడా గడవలేదు, ఆమె బిడ్డ పెళ్ళికి నలుగు నుంచి అప్పగింతల దాకా తీసింది నేనే. ఆ పిల్లకు కూడా ఇట్లాగే ఎదురుగా నిలబడ్డాను. ఈ మేనత్తే నాకు లడ్డూ తెచ్చి చేతిలో పెట్టింది.

"నీ బిడ్డ పెండ్లి నేనే తీసిన గదనే అక్కా. గప్పుడు ఎరుక లేదా?"

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. నిజంగానే గుర్తుపట్టలేదు.

"నువ్వా? గప్పుడు నువ్వు కనవడలే. కెమెరా కనవడ్డది."

ఆ మాటతో నాకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. పాత కెమెరాను కంటికి ఆనిస్తే దాని పైన గూనిలాగా ఉండే భాగం సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట ఆనుతుంది. ఇన్నేళ్ళూ వాళ్ళు నన్ను రానిచ్చారని మురిసిపోయాను. నన్ను ఎవరూ రానివ్వలేదు. ముఖానికి నల్లటి డబ్బా అడ్డం పెట్టుకున్న రెండు చేతులను రానిచ్చారు. నేను మర్యాద అనుకున్నది అడ్డం తప్ప ఇంకేమీ కాదు.

మగవాళ్ళ పక్క తీస్తున్న మా మరిది పరుగెత్తుకొచ్చాడు. గొడవ చల్లార్చాలని అతని తపన. ఆటోలో నుంచి పాతదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, చెవి దగ్గర గొణిగాడు.

"వదినా, గీ ఒక్క పూటకు పాతదాంతోని తీయరాదే. మొఖానికి పెట్టుకో. ఆమె ఊకుంటది."

చేతికి ఆ రబ్బరు తగలగానే నా వేళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి. అలవాటు అటువంటిది. ఎత్తి కంటికి ఆనించాను. కన్నంలో నుంచి ఆ మేనత్తే కనబడింది, పసుపు గిన్నెతో. ఆమె ముఖం వెంటనే చల్లబడింది.

"ఆఁ, గిప్పుడు మంచిగున్నది. తియ్యి" అంది.

మంచిగా ఉందట! కింద నేను అదే మనిషిని, అదే తెల్లచీర కొంగు, అవే బోసి చేతులు. ముఖం కనబడకపోతే చాలు, అశుభం పోయింది. బాయిలో ఎదుటి మనిషి కళ్ళు చెదరకూడదని తల తిప్పుకునే మర్యాద నేర్చుకున్న మనిషి భార్యను నేను. నా ముఖం చూస్తే వీళ్ళ కళ్ళు చెదురుతాయని నేను దాక్కోవాలా? ఆయన చేతిలో ఏనాడూ ఎవరినీ దాచని కెమెరా అది. నా మీదికొచ్చి పరదా అయింది.

దించాను. పాతదాన్ని భుజానికి తగిలించుకుని కొత్తదాన్ని మళ్ళీ రొమ్ము దగ్గర పట్టుకున్నాను. ముఖం ఎత్తాను.

"ఫొటోలు కావాల్నా, వద్దా? కావాలంటె గీ మొఖం తోనే తీస్త. వద్దంటె ఇప్పుడే పోత."

"ఎంత పొగరే దీనికి!" అని మేనత్త పసుపు చెయ్యి నా వైపు ఎత్తింది. "మొగుణ్ణి మింగినదానివి, నీకు గింత నోరా? గిసొంటిదాన్ని ఎవలు దెచ్చిన్రు?"

నా వేలు నొక్కేసింది. నేను అనుకుని చేయలేదు. చప్పుడు లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పిల్ల చెంపల మీద పసుపు ఎండి పెళ్ళలు కడుతోంది. లోపలి నుంచి పంతులు టైమైతున్నదని కేకేశాడు. అప్పుడు పిల్ల తల్లి నా వైపు వచ్చింది. నా పక్షాన నిలబడటానికి రాలేదు, అది నాకు తెలుసు. ముహూర్తం తప్పుతుందని వచ్చింది.

"తియ్యక్కా. ఎట్లనన్న తియ్యి. జల్ది తియ్యి."

తీశాను. మేనత్త అవతలికి తిరిగి నిలబడింది. మిగతా ఆడవాళ్ళు పసుపు రాస్తూ నా వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో ప్రతి ఫొటోలోనూ కనబడుతుంది. పెళ్ళికూతురు మాత్రం తలెత్తి నన్ను చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో జాలి లేదు, భయం లేదు. ఆకలి ఉంది. పొద్దటి నుంచి ఏమీ తినలేదట.

ఆల్బం చేసేటప్పుడు మా మరిది కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు. తెర నిండా మేనత్త. పసుపు చెయ్యి ఎత్తి, నోరు తెరిచి, కళ్ళు నిప్పులు. ఆ చిన్న చదరపు గడి ఆమె కంటినే పట్టుకుంది మరి. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అంత సాఫైన ఫొటో ఆ పెళ్ళి మొత్తంలో లేదు.

"గిది తీసేస్తున్న వదినా."

"తీసెయ్యకు. ఆమె హల్దిల ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి పెట్టు."

"గిరాకి పోతది. మన నోట్ల మనమే మన్ను గొట్టుకున్నట్టు."

"పోతె పోనీ. నన్ను దాస్తె ఊకున్నవు, ఆమెను దాయనిస్తనా?"

చాలాసేపు గొణిగాడు. చివరికి పెట్టాడు. పేజీ మూలకు, చిన్నగా. ఆ ఇంటి నుంచి దాని గురించి ఒక్క మాట రాలేదు. ఇంకో పెళ్ళికి పిలుపూ రాలేదు.

ఇప్పుడు పెళ్ళి మాట్లాడుకోవడానికి ఎవరైనా స్టూడియోకు వస్తే నేనే ముందు కుర్చీలో కూర్చుంటున్నాను. నువ్వు లోపలికి పో వదినా, నేను మాట్లాడతా అంటాడు మా మరిది. పోను. పందిట్లో నా ముఖం చూసి అదిరిపడే బదులు ఇక్కడే చూసి పొండి. కొందరు చూసి, మళ్ళీ వస్తామని లేస్తారు, రారు. కొందరు సరే అంటారు. ఆ సరే అన్న ఇండ్లకు కొత్తదాన్నే తీసుకుపోతాను, ముఖం బయట పెట్టుకుని. తక్కువే అవి. నా కోపానికి సరిపోయేంత లేవు.

పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వలేదు. నిఖాలకు తీసుకుపోతున్నాను. ఆ గదుల్లో దాన్ని కంటికి ఆనించినా, దించినా ఒక్కటే, ఎవరికీ పట్టింపు లేదు. మొన్న ఒక పెళ్ళిలో మెహందీ చేతులు ఆరబెట్టుకుంటూ కూర్చున్న పిల్ల నా భుజం వంక చూసి అడిగింది.

"ఆపా, గింత బరువుది ఎందుకు మోస్తున్నవ్? చిన్నయి వచ్చినయి గదా."

"ఉన్నది బిడ్డా, ఇంట్ల" అన్నాను. "కొట్లాటకు పోయేటప్పుడు గా చిన్నది పట్టుకపోత."