మా మావగారికి నేను చూపించిన కలకత్తా

కలకత్తా చూపించమని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ కాళ్ళు పీకుతాయి. ఊరు చూపించడానికి బయల్దేరి, కట్టుకున్న పెళ్ళాం కాపరానికి రాకుండా పోయేంత పని చేసుకున్నవాణ్ణి నేను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు మాత్రం నిలబడే ఓపిక లేదు, కూర్చునే చెప్తాను.

ఎర్రజెండాల రోజులవి. హౌరా పక్కనే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, అక్కడే పెరిగి, నాన్నగారి వెనకే నేనూ రైల్వేలో చేరాను. పెళ్ళి పలాస పిల్లతో అయింది. అయి నెలలు గడుస్తున్నా పంపరే! "అంత దూరం, ముక్కూ మొహం తెలీని ఊరు, పిల్ల ఎలా నెగ్గుకొస్తాది?" అని అత్తగారి బెంగ. ఆఖరికి మావగారే ఓ పూట వచ్చి, ఊరి వాలకమూ అల్లుడి వాలకమూ చూసి, పంపడమో మానడమో తేలుస్తానన్నారు. పొద్దున్న దిగి సాయంత్రం బండికి వెళ్ళిపోతారు. జీడిపప్పు వ్యాపారం ఆయనది. పప్పు మంచిదో పుచ్చుదో చిటికెలో తేల్చేస్తారని పేరు.

"ఊరు నాకు కొట్టిన పిండి మావయ్యగారూ. కాళీఘాట్, జూ, విక్టోరియా, అన్నీ చూపించేస్తాను," అన్నాను ఛాతీ విరుచుకుని.

మీ దగ్గర దాపరికమేముంది? నాకు తెలిసిన కలకత్తా హౌరా స్టేషన్నించి మా ఆఫీసు దాకానే. విక్టోరియాని బస్సు కిటికీలోంచి చూడ్డమే తప్ప గేటు దాటి ఎరగను. ఉన్న ఊరేగా, ఎక్కడికి పోతుందిలే అని ధీమా.

మావగారు హౌరాలో దిగాక ఇద్దరం బయటికొస్తే ఒక్క సిటీ బస్సు లేదు. ఆవేళ బ్రిగేడ్ మైదానంలో పార్టీ సభ, బస్సులన్నీ జనాన్ని మోసుకురావడానికి పోయాయి. నెల్లాళ్ళుగా ప్రతి గోడమీదా ఇంతింత అక్షరాలతో రాసే ఉంది. రోజూ చదువుతూనే ఉన్నాను. అది నాకూ తగులుతుందని తట్టలేదు, అంతే.

"బస్సులేవి బాబూ?"

"వచ్చేస్తాయి మావయ్యగారూ."

రాలేదు. అప్పుడే వెలిగింది నా బుర్ర. ఎదురుగా జెండాలు కట్టిన బస్సొకటి, ఎవరో జూట్ మిల్లు వాళ్ళది, కదలబోతోంది. అదీ మైదానానికే కదా! విక్టోరియా ఆ పక్కనే. ఎక్కేసి, అక్కడ దిగి జారుకుంటే సరి. నా తెలివి నాకే ముద్దొచ్చింది.

"ఎషో దాదా, ఎషో!" రా అన్నా రా, అంటూ లోపలివాళ్ళు ఇద్దర్నీ చెయ్యిచ్చి లాగేసి, చెరో జెండా పట్టించారు.

"ఇదేటి బాబూ?" అన్నారు మావగారు.

"కొత్తవాళ్ళకి ఇక్కడ ఇలా మర్యాద చేస్తారు."

ఆయన జెండాని చూశారు, నన్ను చూశారు, ఊరుకున్నారు. వ్యాపారస్తుడు ఊరుకుంటే భయపడాలని నాకప్పటికి తెలీదు.

దిగాక జారుకోవడం ఎక్కడ! పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చెదిరిపోకుండా గుంపు చుట్టూ తాడు పట్టుకుని నడిపిస్తారు. ఆ తాడులో మేమూ పడ్డాం.

"దాదా, మేం విక్టోరియాకి పోవాలి," అని బెంగాలీలో మొరపెట్టుకున్నాను.

"సభ అయ్యాక అందరం పోదాం. విడిగా వెళ్తే తప్పిపోతారు," అని తాడు పట్టుకున్నాయన నా భుజం తట్టాడు. నేను పుట్టిపెరిగిన ఊళ్ళో!

"ఏటంటన్నాడు?"

"మనమంటే ముచ్చటగా ఉందట. కాసేపు కూర్చోమంటున్నాడు."

కూర్చున్నాం. మైకులో ఒకాయన ఆపితే ఇంకొకాయన అందుకుంటున్నాడు. నడినెత్తిన ఎండ. పెళ్ళికి కొన్న బూట్లు కరుస్తుంటే విప్పాను. కాళ్ళు పొంగి, అవి మళ్ళీ ఎక్కితే ఒట్టు. నినాదం వచ్చినప్పుడల్లా పిడికిలెత్తి ఎత్తి భుజం పడిపోయింది. దూరంగా చెట్లమీంచి విక్టోరియా గోపురం తెల్లగా కనిపించింది. ఇక చేసేదేముంది, కూర్చున్నచోటు నుంచే ఊరు చూపించాను.

"అదిగో విక్టోరియా. దానవతల జూ. అలా కిందికెళ్తే కాళీఘాట్."

మావగారు అటు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. "మరి ఇటేపేటి?"

"చౌరంగీ. దుకాణాలు."

"దానిక్కూడా దణ్ణమెట్టాలా?"

ఇంతలో అన్నం పొట్లాలు వచ్చాయి. విప్పితే కోడిగుడ్డు. మావగారు గుడ్డు ముట్టరు. ఆ కూర తగలని అన్నం ఓ పక్కనుంచి తీసుకుని, గుడ్డు నా పొట్లంలోకి తోసేశారు.

"మీరు తినీండి బాబూ. ఓపికుండాలి కదా."

ఎండలో ఆ పెద్దాయన వట్టి మెతుకులు నములుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఈయన తన కూతుర్ని నా దగ్గరికి పంపడు, పంపకూడదు కూడా అనుకున్నాను. గుడ్డు పొట్లంలోనే వదిలేశాను.

సభ అయ్యేసరికి బండి వేళయింది. జనమే మమ్మల్ని బ్రిడ్జి మీంచి తోసుకుంటూ హౌరాలో వదిలారు. బూట్లు చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో ఆయన్ని పెట్టెలోకెక్కించి, కిటికీ పట్టుకుని నిలబడ్డాను.

"మావయ్యగారూ... మరి, అమ్మాయి సంగతి?"

"పంపుతాను."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. "ఇంత జరిగాకానా?"

"పొద్దున్నుంచి ఎన్నబద్ధాలాడినారు బాబూ! ఒక్కటంటే ఒక్కటి అతికిందా?" అంటూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అబద్ధం ఇంత చేతకాని మొగుడు దొరకడం మా పిల్ల అదృష్టం. మీ అత్తగారికి అదే చెప్తాను."

బండి కదిలింది. మా ఆవిడ ఆ నెల్లోనే వచ్చేసింది.

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది చుట్టపక్కాలకూ తెలియజేయడమేమనగా, సదరు అల్లుడు ఇకమీదట ఎవరికీ, ఎంత బతిమాలినా, కలకత్తా చూపించడు. కావలసినవారు మా ఆవిడని అడగవలెను. సందుసందూ ఆవిడకి తెలుసు. మీరు తిరిగొచ్చేసరికి నేను వంట చేసి ఉంచుతాను.