రచయిత గడిలో రాసిన పేరు

మా ముత్తాత సంస్థానంలో దివాను. తాతగారు గౌరవ మేజిస్ట్రేటు. మా నాన్నగారి నాటికి ఆ హోదాలో మిగిలినది, ఊరివాళ్ళు మమ్మల్ని దివానుగారి ఇంటివాళ్ళు అనడం ఒక్కటే. ఆ ఇంటి నుంచి నేను 2003లో కువైట్‌లోని ఒక పాటల కంపెనీలో మందూబ్‌గా చేరాను. యజమాని తరఫున ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితాలు నడిపే ఉద్యోగిని అక్కడ అలా అంటారు. అరబిక్ రాయడం అంతకుముందే బొంబాయిలో నేర్చుకున్నాను.

యజమానిని అందరూ బూ నాసర్ అనేవారు. అమెరికాలో చదివి వచ్చి ర్యాప్ పాటల వ్యాపారం పెట్టాడు. కుర్రకారును చెడగొడుతున్నాడని పత్రికలు రాసేవి. తమ పాటలు కాజేశాడని పాడేవాళ్ళు అనేవారు. అయితే గ్యారేజీల్లో, గోదాముల్లో పాడుకునేవాళ్ళను స్టూడియోలోకి రానిచ్చినవాడు కూడా అతనొక్కడే.

గ్యారేజీలుండే షువైఖ్‌లో అతని కారు బాగుచేసిన ఓబులేసు అలా వచ్చినవాడే. రాయచోటి దగ్గరివాడు, ముప్పై దాటినవాడు. ఎండ గురించి, వీసా ఇచ్చి తన కింద ఉంచుకునే కఫీల్ గురించి, తెలుగూ వీధి అరబిక్కూ కలిపి పాట కట్టాడు.

పాట విడుదలకు ముందు దాని మాటలు అరబిక్‌లో మూడు ప్రతులు రాసి సమాచార శాఖలో అనుమతి ముద్ర వేయించాలి. ఫారంలో రచయిత పేరుకు ఒక గడి ఉంటుంది; అందులో రాసిన పేరే సీడీ కవరు మీద పడుతుంది. ఓబులేసుది ఇంటి డ్రైవరు వీసా. ఆ వీసా మీద గ్యారేజీలో పనిచేయడమే నేరం. పేరు కనబడితే ఇఖామా, అంటే నివాస కార్డు, చూపమంటారు, ఆపైన విమానం ఎక్కిస్తారు. అటువంటప్పుడు యజమాని పేరు రాయడం మా మందూబ్‌లలో వాడుక. బూ నాసర్ అడగకముందే అతని పేరు రాశాను.

"ఇప్పటికి మీ ఇష్టం సార్. నా వీసా మారినంక నా పేరు ఎక్కియ్యల్ల," అన్నాడు ఓబులేసు. ఎక్కిస్తానని మాట ఇచ్చాను.

పాట టాక్సీలన్నింటిలో మోగింది. ఏడాదికి ఓబులేసుకు కొత్త కఫీల్ దొరికి గ్యారేజీ వీసా వచ్చింది. కొత్త ఇఖామా పట్టుకుని బ్నీద్ అల్ గార్‌లోని నా గదికి వచ్చాడు. పేరు మార్చాలంటే, మొదట ఇచ్చిన వివరం అబద్ధమని నేను సంతకం చేసి ఇవ్వాలి. బూ నాసర్‌ను అడిగాను. రాసింది నువ్వే, తప్పు రాశానని నువ్వే చెప్పుకో, నేను అడ్డురాను అన్నాడు నవ్వుతూ. తప్పుడు కాగితం ఇచ్చిన మందూబ్‌కు, కార్యాలయాల్లో పని చేసుకోనిచ్చే కార్డు రద్దవుతుందని అతనికి తెలుసు.

నేను సంతకం చేయలేదు. కార్డు పోతుందన్నది ఒక కారణం. నా చేతితో రాసినదాన్ని అబద్ధమని రాసి కింద మా ఇంటిపేరు పెట్టలేకపోవడం రెండవది. ఓబులేసుకు రెండవది మాత్రమే చెప్పాను.

"రాయచోటి బస్సులో ఆ పాట మోగితే, మా యన్నదని మా తమ్ముడు చెప్పినాడంట. అందురూ నవ్వినారంట సార్, కవరు మీద ఎవరో షేకు పేరుంటే మీ యన్నది ఎట్లయితాదిరా అని. మీ ఇంటిపేరు నిలబడల్ల. నాది మాత్రం యాడా ఉండగూడదా?"

టీ గ్లాసు అతని ముందుకు జరిపాను. టీ తాగకుండానే వెళ్ళాడు. తరువాత అతను స్టూడియోకు రాలేదు.

గడి ఖాళీగా వదిలి ఉంటే ఆ పాట ఏడాది ఆగేది, అంతే. ఖాళీ గడిని ఎప్పుడైనా నింపవచ్చు. నింపినదాన్ని మార్చాలంటే నింపినవాడు తప్పు ఒప్పుకోవాలి. నా తరువాత వచ్చిన మందూబ్‌కు ఈ మాటే చెప్పి పని అప్పగించాను.

2009లో బూ నాసర్ కంపెనీ మూసి, పాటల హక్కులన్నీ దుబాయిలోని ఒక సంస్థకు అమ్మాడు. ఓబులేసు పాట వాటితో పాటే అమ్ముడుపోయింది.