గిరాకీకి మంచివి, ఇంటికి మెత్తవి

లక్ష్మీకాంతమ్మ ఏది తినబోయినా ముందు వాసన చూస్తుంది. పెళ్ళి విందులో వడ్డించిన కూరైనా, గుడిలో చేతిలో పెట్టిన ప్రసాదమైనా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాకే నోట్లో పెట్టుకుంటుంది. కొత్తవాళ్ళకు అది మర్యాద తెలియనితనంగా తోస్తుంది. మొఘల్‌పురాలో ఆమె ఇరుగుపొరుగు మాత్రం ఏమీ అనుకోరు. ఆమె భర్త వైకుంఠానిది కూరగాయల మండీ దగ్గర ఆలుగడ్డల హోల్‌సేల్ వ్యాపారం. గోదాము అతని తాత కట్టించినది. ఆగ్రా వైపు నుంచి లారీల్లో సరుకు దిగుతుంది. శివరాత్రి దగ్గరపడ్డప్పుడు మాత్రం ఆలుగడ్డ పక్కకు జరిగి కందగడ్డకు చోటిస్తుంది. చిలగడదుంప అని మిగతా చోట్ల అనేదాన్నే ఇక్కడ కందగడ్డ అంటారు.

ఆమె పుట్టిల్లు జోగిపేట. తండ్రికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. చుట్టుపక్కల రైతులు చలికాలంలో కందగడ్డలు తెచ్చి ఇచ్చి, ఉప్పూ పప్పూ తీసుకుపోయేవారు. నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి చల్లారుతుండగా తల్లి ఆ బూడిదలో గడ్డలు పూడ్చిపెట్టేది. తెల్లారి తీస్తే పైన తోలు నల్లగా మాడి, లోపల పాకం కారుతూ ఉండేవి. ఉడికించి పాలూ బెల్లమూ కలిపి గిన్నెలో పోసిచ్చినా, చింతపండు పులుసులో వేసినా పిల్లలు పోట్లాడి తినేవారు. ఆలుగడ్డ ఆ ఇంట్లో అపురూపం. చుట్టాలు వచ్చిననాడే ఆలుగడ్డ కూర. అందుకే ఆలుగడ్డల వ్యాపారి కొడుకుతో సంబంధం ఖాయమైనప్పుడు స్నేహితురాళ్ళు ఆటపట్టించారు. "నీకేందే, రోజూ చుట్టాల కూరే!" ఆమె కూడా నిజమే అనుకుంది.

కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున గోదాము హమాలీ దుర్గయ్య ఒక గంప తెచ్చి వంటింటి గడప దగ్గర దించాడు. పైన కప్పిన గోనె తీసి లక్ష్మీకాంతమ్మ చెయ్యి పెట్టింది. వేళ్ళు లోపలికి దిగిపోయాయి. గడ్డ అనుకున్నది గడ్డ కాదు, తోలు సంచిలో నిలిచిన జిగట నీళ్ళు. అది చితికి మణికట్టు దాకా కారింది. గోడ సందులో ఎలుక చచ్చినట్టు కంపు. అడుగున తెల్లటి పురుగులు మెల్లగా కదులుతున్నాయి. ఆమె మోరీ దగ్గరికి పరుగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

అత్తగారు విమలాదేవి గుమ్మంలో నిలబడి చూసింది. కోప్పడలేదు. "గంత నాజూకైతే ఎట్ల బిడ్డా? మంచివి గిరాకీకి, మెత్తవి ఇంటికి. గట్ల చేసుకుంటనే ఈ మేడ లేసింది" అని కత్తిపీట ముందుకు జరిపింది.

మెత్తబడ్డవి, మొలకలొచ్చినవి, పచ్చబారినవి, పార తగిలి నల్లబడ్డవి అన్నీ ఆ గంపలోనే. కోసి పారేయగా పారేయగా ప్రతి గడ్డలో పిడికెడు మిగిలేది. ఆ పిడికెడుతోనే ఆమె వేపుడు చేసింది, టమాటాతో వండింది, మెంతికూర కలిపింది, గసగసాలూ కొబ్బరీ నూరి కుర్మా చేసింది. వాసన తనకు మాత్రమే వస్తుందో అందరికీ వస్తుందో తెలియక వెల్లుల్లి రెట్టింపు వేసేది, కొత్తిమీర కట్టలకు కట్టలు తరిగేది. ఇంట్లో వాళ్ళు వేళ్ళు నాకుతూ తినేవారు. "మా ఇంట్ల ఆలు కుర్మా రుచి ఏ హోటల్ల రాదు" అని వైకుంఠం చుట్టాల ముందు గొప్పగా చెప్పేవాడు. ఆమె మాత్రం మజ్జిగ పోసుకుని, పచ్చడి నంజుకుని లేచిపోయేది. సబ్బుతో రుద్దినా, నిమ్మచెక్కతో రుద్దినా గోళ్ళ సందుల్లో ఆ కంపు అలాగే ఉండేది. రాను రాను అన్నం కలిపిన చెయ్యి నోటి దగ్గరికి వస్తుంటేనే అసహ్యం పుట్టేది.

మొదటి శివరాత్రికి ఆమె ఆశపడింది. గంపలో ఈసారి కందగడ్డలు. కుళ్ళు వాసన లేదు, గట్టిగానే ఉన్నాయి. తోలు మీద అక్కడక్కడా సూదిమొన తగిలినంత సన్నటి రంధ్రాలు తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు. రంధ్రాలున్న మేర చెక్కేసి ఉడకబెట్టింది. పొద్దంతా ఉపవాసం ఉండి, దీపం పెట్టాక మొదటి ముక్క నోట్లో వేసుకుంది.

చేదు. మామూలు చేదు కాదు. ఏదో అత్తరు తాగినట్టు ముక్కులోకి ఎక్కి, నాలుక వెనక అతుక్కుపోయే చేదు. ముక్క విరిచి చూస్తే లోపల నల్లటి సొరంగాలు, వాటి నిండా పురుగు తిని వదిలిన పొట్టు. ఆలుగడ్డ చెడితే ఆమడ దూరం నుంచే చెప్పేస్తుంది, చెడ్డది కోసేస్తే మిగిలిందన్నా ఎలాగో నోట్లోకి పోతుంది. కందగడ్డ అలా కాదు. పురుగు ఒక మూల తొలిస్తే చేదు గడ్డంతా పాకుతుంది. పైకి మాత్రం పెళ్ళికూతురిలా ఉంటుంది. లక్ష్మీకాంతమ్మ ఉమ్మేసింది.

"ఉపవాసం నాడు ఉమ్ముతరా? శివయ్యకు చేదైనా తీపైనా ఒక్కటే, మింగు" అంది అత్తగారు.

మింగింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రుచి ఒక్కటే ఒక్కటి మిగిలి ఉండేది. ఆ రాత్రితో అదీ పోయింది. ఆ తర్వాత కందగడ్డ పేరెత్తినా ఆమెకు నోట్లో నీళ్ళకు బదులు చేదు ఊరేది.

ఏళ్ళు గడిచాయి. విమలాదేవి కాలం చేసింది. గంప మాత్రం రావడం ఆగలేదు. వైకుంఠం చెడ్డవాడేమీ కాదు. తాగడు, అరవడు, చెల్లెలి పిల్లల చదువులు తనే చూసుకున్నాడు. కానీ ఇంటి కోసం మంచి మూట విప్పమంటే అతని చెయ్యి ఆడదు. "మూట విప్పితే తూకం పోతది" అంటాడు. లక్ష్మీకాంతమ్మ ఒకటి రెండు సార్లు అడిగి మానేసింది. అసహ్యం కూడా రోజూ చేసే పనిలో కలిసిపోతుంది కాబోలు.

కొడుకు శ్రవణ్ పెళ్ళయ్యాక కోడలు స్రవ్య ఇంట్లో అడుగుపెట్టింది. నెమ్మదైన పిల్ల, ఇంటి నుంచే కంప్యూటర్ మీద ఉద్యోగం చేస్తుంది. వచ్చిన మొదటి వారంలోనే ఒకరోజు గంప మీద గోనె ఎత్తి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మా, ఇవి పారేసేటివా?"

"కాదు బిడ్డా, వండేటివి."

స్రవ్య నవ్వింది. అత్తగారు హాస్యమాడుతోంది అనుకుంది. లక్ష్మీకాంతమ్మ కత్తిపీట ముందు కూర్చుని, మామూలుగా ఒక గడ్డ తీసి, చీము లాంటి భాగాన్ని బొటనవేలితో తోసేసి, మిగిలింది గిన్నెలో వేసింది. తలెత్తి చూస్తే కోడలి ముఖంలో నవ్వు లేదు. ఆ పిల్ల గంపను చూడటం లేదు, అత్తగారి చేతులను చూస్తోంది. కుళ్ళును చూసినట్టే చూస్తోంది.

ఆ రాత్రి స్రవ్య ఆకలి లేదని బ్రెడ్ ముక్కలు తిని పడుకుంది. లక్ష్మీకాంతమ్మకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ తను అసహ్యించుకుంటున్నది గంపను అనుకుంది. గంపను ఇంట్లోకి రానిస్తున్నది తనే కదా. శ్రవణ్‌కు అన్నప్రాశన అయిన నాటి నుంచి మెత్తగా మెదిపి పెట్టింది ఆ గంపలోదే కదా.

మర్నాడు గుడికి పోతున్నానని చెప్పి ఆటో ఎక్కి సంతోష్‌నగర్ పోయింది. అక్కడైతే మండీ వాళ్ళు ఎవరూ చూడరు. రోడ్డు పక్క ఎల్లప్ప అనే అతని బండి మీద ఆలుగడ్డలు కుప్పగా పోసి ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి, నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఒట్టి మట్టి వాసన. "ఆలుగడ్డలకు వాసనేం చూస్తవమ్మా, మల్లెపూలా ఏంది?" అన్నాడతను. ఆమె ఏరినవి తూకం వేయించింది. ఆలుగడ్డలకు డబ్బులివ్వడం ఆమె జన్మలో అదే మొదటిసారి. సంచిలో అడుగున గడ్డలు, పైన పూలు పెట్టుకుని ఇంటికొచ్చింది. తెల్లారి గోదాము గంపను ఎవరూ లేవకముందే మున్సిపాలిటీ చెత్త బండిలో కుమ్మరించింది.

అప్పటి నుంచి ప్రతి వారం గుడికి పోవడం, రోజూ గంప చెత్త బండికి పోవడం మామూలైంది. స్రవ్యకు సంగతి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. వైకుంఠం మాత్రం ఒకరోజు తింటూ తింటూ అన్నాడు, "ఈ నడుమ కూర మస్తుంటున్నది. సరుకు మంచిగ దిగుతున్నది గదా."

ఆమె ఖాళీ గిన్నె తీసుకుని లేచింది.

దీపావళి సాయంత్రం గోదాములో లక్ష్మీపూజ. సరుకు తూచే తరాజుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు కట్టారు. లక్ష్మీకాంతమ్మ భర్త పక్కన గద్దె మీద పట్టుచీర కట్టుకుని కూర్చుంది. పక్క దుకాణం వ్యాపారి జగదీశ్వర్ కుటుంబంతో వచ్చాడు. గోదాములో సరుకు కొనే బండ్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మిఠాయి పొట్లం తీసుకుంటున్నారు. వాళ్ళలో ఒకతను ఆమెను చూసి ఆగిపోయాడు. ఎల్లప్ప.

"అరె, అమ్మా, మీరా!" అని సంబరంగా వైకుంఠం వైపు తిరిగాడు. "సేటూ, ఈమె మన పక్కా గిరాకీ. ప్రతివారం వస్తది. ఒక్కొక్క గడ్డ ముక్కుకాడ పెట్టుకోని గాని తీస్కోదు!" ఆమె కూర్చున్న చోటు అప్పుడు గమనించాడు. గొంతు తగ్గింది. "మీ ఇంటామెనా సేటూ?"

జగదీశ్వర్ నవ్వాపుకోలేక, "ఏంది వైకుంఠం భాయ్, నీ సరుకు నీ ఇంట్లనే నడుస్తలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. సంతోష్‌నగర్ బండ్లకు కూడా తన గోదాము నుంచే సరుకు పోతుందని లక్ష్మీకాంతమ్మకు అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక లొల్లి మొదలైంది. "నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్! ఆలుగడ్డల సేటు పెండ్లాం బండి మీద ఆలుగడ్డ కొంటదా? నన్ను అడుగకపోయినవా?"

"అడిగిన. పెండ్లైన ఏడాదే అడిగిన. మెత్తవే ఇంటికి అన్నరు."

"అది అమ్మ అన్నది."

"మీరు విన్నరు గదా."

పండుగ కాబట్టి ఆ పొద్దున చెత్త బండి రాలేదు. గంప అలాగే ఉంది. ఆమె దాన్ని తెచ్చి అతని ముందు పెట్టి, కత్తిపీట వేసింది. "ఒక్క పూట మీరు కొయ్యుండ్రి. నేనేం మాట్లాడ."

వైకుంఠం పంతంగా కూర్చున్నాడు. కుళ్ళిన గడ్డ అతనికి కొత్త కాదు, కానీ గోదాములో దాన్ని ఏరే చేతులు దుర్గయ్యవి. రెండు గడ్డలు ఎలాగో కోశాడు. మూడోదానిలోకి బొటనవేలు దిగబడిపోయింది. జిగట నీళ్ళు మోచేయి దాకా కారి, కొత్త కుర్తా చేతిలోకి పోయాయి. దానితో పాటు ఒక పురుగు కూడా. అతను దిగ్గున లేచి మోరీ దాకా పోలేక వాకిట్లోనే వాంతి చేసుకున్నాడు. శ్రవణ్ నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చాడు.

నోరు కడుక్కుని వైకుంఠం అన్న మొదటి మాట, "దుర్గయ్య సక్కగ ఏర్తలేడు."

"దుర్గయ్య మీరు చెప్పినట్లే ఏరిండు" అంది లక్ష్మీకాంతమ్మ.

గెలిచానన్న సంతోషం ఆమెకు కలగలేదు. వాకిట్లో నీళ్ళు కొట్టి కడుగుతుంటే, ఇంత చూశాక కూడా ఆ మనిషి నోట ఆ మాటే వచ్చిందని రోత పుట్టింది.

మర్నాడు మళ్ళీ గంప వచ్చింది. ఆమె గేటు దగ్గరే ఆపింది. "దుర్గయ్యా, లోపలికి తేకు. తీస్కపోయి సేటు ముందర పెట్టు. ఏమన్న అంటే నా పేరు చెప్పు." దుర్గయ్య తల గోక్కుని తీసుకుపోయాడు. ఆ మర్నాడూ అంతే. గంపలు గద్దె వెనక పేరుకున్నాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుని బేరమాడసాగారు. ఈగలు తరాజు మీద వాలాయి. చివరికి వైకుంఠం దిగొచ్చాడు, కానీ తన పద్ధతిలోనే. ఎల్లప్పను పిలిచి, వారం వారం ఇంటికి మంచి గడ్డలు ఏరి పంపమన్నాడు.

"బాపూ, మన మూటలే మనం బండాయన దగ్గర కొంటమా?" అన్నాడు శ్రవణ్.

"మూట విప్పితే తూకం పోతది రా" అన్నాడు వైకుంఠం.

అలాగే నడుస్తోంది ఇప్పటికీ. లక్ష్మీకాంతమ్మ వేపుడూ కుర్మా ఇప్పుడూ చేస్తుంది. వెల్లుల్లి తగ్గించింది. ఇంట్లో అందరూ తింటారు. ఆమె మాత్రం ఆలుగడ్డ ముట్టదు. ఎంత మంచి గడ్డైనా ఉడికే ఆవిరి ముఖానికి తగిలితే చాలు, ఆమెకు పాత గంప గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది.

ఈసారి శివరాత్రి ముందురోజు ఎల్లప్ప కందగడ్డలు కూడా తెచ్చిచ్చాడు. స్రవ్య వాటిని జాలీ మీద పెట్టి గ్యాస్ మంట మీద కాల్చింది. తోలు వలిచి, ముక్కలు కోసి, ఉప్పూ చాట్ మసాలా చల్లి నిమ్మకాయ పిండింది.

"ఛీ! తియ్యటి గడ్డ మీద నిమ్మకాయ పిండుతరా ఎవరన్న?" అంది లక్ష్మీకాంతమ్మ.

"షకర్‌కంద్ చాట్ అత్తమ్మా. బండ్ల మీద లైన్లు కట్టి తింటరు."

"తింటరు తింటరు. జనం ఏమన్న తింటరు."

ఆమె ఏమీ కలపని గడ్డ ఒకటి తీసుకుంది. రెండుగా విరిచి వెలుతురులో పెట్టి చూసింది. ఎక్కడా నలుపు లేదు. చిటికెడు నెయ్యి రాసుకుని, నిలబడే, కొంచెం కొరికింది. చాలాసేపు నమిలింది. గ్యాస్ వాసన వస్తోంది, బూడిదలో మగ్గిన గడ్డకు దీనికి పోలిక లేదు. కానీ చేదు లేదు. మిగిలిన సగం కూడా తిని, ఇంకొకటి తీసుకుంది.

అంతలో వైకుంఠం వంటింట్లోకి వచ్చి, కోడలు చేసిన చాట్ గిన్నె అందుకున్నాడు. ఒక ముక్క తిని కళ్ళు చికిలించాడు, మరో ముక్క తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక, అడుగున మిగిలిన మసాలా నిమ్మరసాన్ని వేలితో తుడుచుకుని నాకుతూ, "మస్తున్నది. ఇంకో రెండు కాల్చు బిడ్డా" అన్నాడు.

లక్ష్మీకాంతమ్మ అతని వేలి వంకే చూసింది. పాత గంప కుర్మా తిన్నప్పుడూ ఆ వేళ్ళు ఇలాగే నాకేవాడు. ఆమె తన గడ్డ తీసుకుని పెరట్లోకి నడిచింది.