తెల్లరంగు పూసిన ఎముక

ఈ ఉదయం నాచారంలో మా ఆసుపత్రి మెట్లెక్కుతుంటే ఎనామిల్ పెయింట్ వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. వచ్చేవారం తనిఖీ ఉందట, గోడలన్నీ తెల్లబరుస్తున్నారు. ఆ వాసన వస్తే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. వసుంధర మేడం గుర్తొస్తారు. ఆవిడతోపాటు ఆవిడ కోపమూ వచ్చేస్తుంది.

మేడం మాకు మెడిసిన్ మొదటి ఏడాది అనాటమీ చెప్పారు. అంబర్‌పేట మనిషి. నేను కాకినాడ నుంచి వచ్చి హబ్సిగూడ హాస్టల్లో ఉండేదాన్ని. ఇద్దరమూ ఎక్కే కాలేజీ బస్సు ఉప్పల్ దాటకముందే ఆవిడ ఒళ్లో సంచీ తెరుచుకునేవారు. భుజం నుంచి మోచేతి దాకా ఉండే పెద్ద ఎముకను నా చేతిలో పెట్టి, "కండ్లు మూసుకో. లోపలి దిక్కు, నడుమకు జర కిందికి, బొటనవేలుతోని తడుము" అనేవారు. గోటికి చిన్న రంధ్రం తగిలేది. ఎముకను బతికించే పెద్ద రక్తనాళం లోపలికి వెళ్లే దారి అది. అందులో చీపురుపుల్ల పెట్టించేవారు. పుల్ల ఏటవాలుగా మోచేతి వైపు దిగేది. "సూసినవా, రక్తం ఎటు పోతున్నదో? బట్టీ కొడితే పరీక్ష పాసైతవు. గిది నీ వేలుకు ఎరుకైతేనే మనిషి చెయ్యి పాడుజెయ్యవు." కొందరికి ఎముక వెనకవైపు ఇంకో రంధ్రం కూడా ఉంటుందని, అందుకే ప్రతి ఎముకనూ కొత్తగా తడమాలని పోరేవారు.

ఆ ఏడే కాలేజీకి తనిఖీ వచ్చింది. ప్రిన్సిపాల్‌కి గోడలు తెల్లబడితే సరిపోలేదు. పసుపెక్కిన ఎముకలన్నిటికీ ఎనామిల్ వేయించాడు. మేడం ల్యాబులోకి వచ్చి ఒక ఎముకను తడిమారు. మళ్లీ తడిమారు. రంధ్రం రంగుతో పూడిపోయింది.

"ఎవరు జేసిన్రు గిది?"

"చూడ్డానికి బాగుంటుందని..." ప్రిన్సిపాల్ నసిగాడు.

"సూడనీకి మంచిగుంటే సాలా సార్? పిల్లలు ఏం సదువుకోవాలె, మీ పెయింటా?"

తనిఖీకి వచ్చిన పెద్దమనిషికి కూడా ఆ ఎముకే అందించి, "రక్తం పోయే తొవ్వ జర సూపియ్యండ్రి సార్" అన్నారు. ఆయన అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు తుడుచుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. కాలేజీకి అనుమతి వచ్చింది. మేడం ఉద్యోగం పోయింది. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాను. ఆఖరి రోజు కూడా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని గుండుసూదితో ఆ రంధ్రంలోని రంగు గీకుతూనే ఉన్నారు.

ఇప్పుడు నా వార్డులో యాదగిరి ఉన్నాడు. ఇక్కడే ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పనిచేస్తాడు. చెయ్యి విరిగితే వేరే చోట ప్లేటు వేశారు. ఎక్స్‌రేలో ప్లేటు చక్కగా కనిపిస్తుంది, ఎముక మాత్రం అతకలేదు. తొందరపడి ఎముక చుట్టూ పొరంతా ఒలిచేశారని, లోపలి రక్తపు దారిని కూడా వదల్లేదని నా అనుమానం. ప్లేటు మరలు ఊడివస్తున్నాయి. రేపు ఆపరేషన్. ఈసారీ అతక్కపోతే ఆ చేత్తో ఇక పనిచేయలేడు.

మధ్యాహ్నం ఆసుపత్రి మేనేజర్ వచ్చాడు. "మేడం, గా యాదగిరి ఆపరేషన్ వచ్చేవారం పెట్టుకోండ్రి. రేపు థియేటర్‌కు రంగులేస్తున్నరు."

"ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించారు. అతని చెయ్యి ఏం కావాలి?"

"గట్లంటే ఎట్ల మేడం? తనిఖీ ముఖ్యం గద."

నాకు కళ్లు తిరిగేంత కోపం వచ్చింది. "రంగు డబ్బా థియేటర్ గుమ్మం దాటిందంటే, ఎవరి చేతి ఆపరేషన్ ఆపి గోడలు తెల్లబరిచారో తనిఖీవాళ్లకి నేనే చెబుతాను!" అని వార్డంతా వినపడేలా అరిచాను. మేనేజర్ గొణుక్కుంటూ వెళ్లాడు. సాయంత్రానికి డబ్బాలు కిందికి దిగిపోయాయి.

యాదగిరి మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. నా బొటనవేలు తనంతట తానే లోపలివైపు, నడుమకు కాస్త కిందికి వెళ్లి ఆగింది. చర్మం పైనుంచి ఏమీ తగలదు. అయినా ఎవరి చెయ్యి పట్టుకున్నా అది అక్కడే ఆగుతుంది. రేపు నా కత్తి ఆ వైపు పోదు.

"మస్తు కోపమున్నది మేడం మీకు," అన్నాడు యాదగిరి.

"నాది కాదయ్యా. మా మేడంది."

"అయితే నా చెయ్యి అతికేదాక గా కోపం దించకుండ్రి."