బ్యాంకు లాకర్లో చక్రం తాళంచెవి

కారు చక్రాలకు తాళం నట్లు వేయించడం మంచిదా కాదా అన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మంచిదేనని నాన్న అంటాడు. ఆయన వాదనలో బలం ఉంది. వేయించిన రోజు నుంచి ఆ కారు అమ్మేసిన రోజు దాకా మా చక్రం ఒక్కటి కూడా ఎవరూ ఎత్తుకుపోలేదు. ఎవరూ ఊడదీయలేకపోయారు. మేము కూడా.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. చక్రాన్ని పట్టి ఉంచే నట్లు మామూలుగా అన్నీ ఒకేలా ఉంటాయి. పానా ఉన్నవాడెవడైనా విప్పేయగలడు. తాళం నట్టు అలా కాదు. దాని తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పానా జారిపోతుంది. దాంతో పాటు చిన్న ఇనప గిన్నెలాంటి తాళంచెవి ఒకటి ఇస్తారు. ముందు దాన్ని నట్టుకు తొడిగి, ఆ పైన పానా పెడితేనే తిరుగుతుంది. చక్రానికి ఒకటి చాలు, మిగతావన్నీ విప్పినా ఆ ఒక్కటి చక్రాన్ని వదలదు.

అప్పుడు మేము ఎల్‌బీ నగర్‌లో, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఒక ఇంట్లో పై వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. కింద ఓనర్ గారు, ఆయన భార్య. వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె, మాది తెనాలి పక్కన. నాన్న ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే ఇల్లు. ఓనర్ గారు లారీ నడిపీ నడిపీ, మోకాళ్ళు మొరాయించాక లారీ అమ్మేసి ఇంట్లో కూర్చున్నారు. కూర్చోవడం ఆయనకు చేతకాదు. మేము సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు మాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డారు. నాన్నకూ నాకూ డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ప్రతి ఆదివారం పొద్దున పానా పట్టుకుని వచ్చి, నాలుగు చక్రాల నట్లూ బిగించి, టైర్లను కాలితో తన్ని చూసి, "మంచిగున్నది సార్ బండి" అని పైకి కేకేసేవారు. మా బండి ఆరోగ్యం ఆ వారానికి వీధంతా తెలిసిపోయేది.

ఆయన భార్యను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారంలో రెండుసార్లు మలక్‌పేటలో ఒక ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దుటి వంతు ఆమెది. వేళ దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. ఒక వంతు తప్పితే కాళ్ళు ఉబ్బి, ఊపిరందక, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. వరసగా రెండు వంతులు తప్పనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అవి ఉద్యమం రోజులు. కింద టీవీలో ఒక వాదన నడిచేది, పైన టీవీలో దానికి జవాబు నడిచేది. మెట్ల మధ్యలో నిలబడితే రెండూ వినపడేవి. ఓనర్ గారు స్కూటర్ నంబర్ ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాయించారు. నాన్న దాన్ని కాసేపు చూసి, "అక్షరాలు కుదురుగా వచ్చాయండీ" అన్నాడు. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా రాష్ట్ర విభజన మీద చర్చ జరగలేదు.

అసలు గొడవ మా చుట్టాల ఫోన్లతో వచ్చింది. గుంటూరు నుంచి ఒకరు, విజయవాడ నుంచి ఒకరు, ఎందుకైనా మంచిది, విలువైనవి జాగ్రత్త చేసుకోండి అని. అలా చెప్పినవాళ్ళెవరూ హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కాదు. నాన్నకు దేవుడి తర్వాత నమ్మకం బ్యాంకు లాకర్ మీదే. కారు టైర్లు అరిగి ఉన్నాయని ఆటో పిలిపించి, అందరూ చూస్తుండగా అమ్మ నగలు, ఊళ్ళో పొలం కాగితాలు, నా పదో తరగతి సర్టిఫికెట్ లాకర్‌కు తీసుకెళ్ళాడు. నావి ఎవరైనా ఎత్తుకుపోయే మార్కులు కావు. అయినా వెళ్ళాయి.

ఆ తర్వాత కారుకు కొత్త టైర్లు వేయించాం. అప్పుడే పక్క వీధిలో ఎవరిదో కారు తెల్లారేసరికి చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడింది. వీధంతా వెళ్ళి చూసి వచ్చాం. నాన్న రెండోసారి కూడా వెళ్ళి చూసి, అటు నుంచి అటే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి తాళం నట్లు వేయించుకొచ్చాడు.

మర్నాడు ఆదివారం. ఓనర్ గారు అలవాటు ప్రకారం పానా తీసుకుని చక్రం ముందు కూర్చున్నారు. మొదటి నట్టు బిగించారు, రెండోది బిగించారు, మూడోదాని మీద పానా జారింది. పక్క చక్రం చూశారు. అక్కడా అంతే. మెట్ల మీద నిలబడ్డ నాన్నను తలెత్తి చూశారు.

"గీ తాళం ఎవరికి సార్?"

"దొంగల కోసమండీ."

"గేటుకు తాళం నేనే ఏస్త గద. గేటు లోపట దొంగ ఎవడు?"

"అబ్బే, మీ గురించి కాదండీ" అన్నాడు నాన్న.

ఆ మాట ఎవరూ అడగలేదు. అడగని మాటకు జవాబు చెప్తే ఏమవుతుందో నాన్నకు తెలియదు. అందుకని ఇంకా వివరించాడు. "మీరంటే మాకు ఎప్పుడూ అనుమానం లేదండీ, మీకు తెలుసు కదా." ఓనర్ గారు పానా తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ వారం బండి ఎట్లున్నదో వీధికి తెలియలేదు.

ఆ తర్వాత ఆయన మా కారును తాకలేదు. మాటలు కిరాయి దగ్గరా, నీళ్ళ మోటారు దగ్గరా ఆగిపోయాయి. అమ్మ కూర పంపితే గిన్నె కడిగి ఖాళీగా తిరిగి వచ్చేది, అంతకుముందు ఎప్పుడూ ఖాళీగా వచ్చింది కాదు. నాకు నాన్న మీద పిచ్చి కోపం వచ్చింది. ఆ నట్లు పీకి పారెయ్యమన్నాను. డబ్బులు పోసి కొన్నది పారెయ్యడం మా వంశంలో లేదు.

తాళంచెవి సంగతి కూడా చెప్పాలి. దాన్ని కారులో పెట్టుకోమని షాపతను చెప్పాడట. కారులోనే పెడితే దొంగకు మనమే ఇచ్చినట్టు కదా అని నాన్న ఆలోచించాడు. ఆ మాటలో తప్పు పట్టలేం. ఇంట్లో పెడితే ఇల్లు దోచినవాడు కారు కూడా దోస్తాడు. అదీ నిజమే. అందుకని బ్యాంకు లాకర్లో పెట్టాడు. ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలని షాపులో రెండిచ్చారు. రెండూ భద్రంగా ఉండాలని రెండూ లాకర్లోనే పెట్టాడు.

పెద్దమ్మకు ఒక వంతు బంద్ వల్ల తప్పిపోయింది. తర్వాతి వంతు నాటికి మళ్ళీ బంద్. తెలిసినాయన ఆటో తెస్తానన్నాడు కానీ, దారిలో ఆపి టైర్ల గాలి తీసేశారని ఫోన్ చేశాడు. అంబులెన్స్ వాళ్ళు చూస్తామన్నారు, చూస్తూనే ఉన్నారు. స్కూటర్ మీద కూర్చోబెడదామంటే, అంతకుముందోసారి మూసారాంబాగ్ దగ్గర కళ్ళు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. నేను పాల ప్యాకెట్ కోసం కిందికి దిగేసరికి ఆమె గడప మీద కూర్చుని నోటితో గాలి పీలుస్తోంది. ఓనర్ గారు గేటు పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నారు. మా కారు ఆయన వెనకే ఉంది. ఆయన దాని వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. పైకి పరిగెత్తి నాన్నను లేపాను.

నాన్న లుంగీ మీద చొక్కా వేసుకుని కారు తాళాలతో దిగాడు. "రండి, పోదాం" అన్నాడు. ఓనర్ గారు ఆయన వైపు చూసి, వేలితో వెనక చక్రం చూపించారు. టైరు నేలకు అంటుకుపోయి ఉంది. రబ్బరులో మేకు. ఎప్పుడు దిగిందో తెలియదు, ఆదివారాలు చూసేవాళ్ళు లేకపోయారు కదా.

"స్టెప్నీ ఉంది, మార్చేద్దాం" అన్నాడు నాన్న.

ఓనర్ గారు లోపలికి వెళ్ళి పానా, జాకీ తెచ్చారు. మామూలు నట్లన్నీ టకటకా విప్పేశారు. తాళం నట్టు దగ్గర ఆగి చేయి చాపారు.

"దీని చెవి ఇయ్యుండ్రి."

"లాకర్లో ఉంది" అన్నాడు నాన్న.

"ఏ లాకర్?"

"బ్యాంకు లాకరండీ."

ఓనర్ గారు చేయి అలాగే ఉంచారు. "చక్రం చెవి బ్యాంకులనా సార్?"

"రెండూనండీ."

బ్యాంకు కూడా బంద్. ఓనర్ గారు నట్టు మీద సుత్తితో కొట్టి చూశారు, ఉలి పెట్టి చూశారు. అది మంచి కంపెనీది, దొంగలను ఏం చేస్తుందని మాట ఇచ్చారో మమ్మల్నీ అదే చేసింది. గడప మీద నుంచి పెద్దమ్మ, "ఇడిసిపెట్టుండ్రి, నాకేం గాలే" అంది. ఆ కాస్త మాటకు మధ్యలో రెండుసార్లు ఆగింది. నాన్న మొహం చూడలేకపోయాను.

ఓనర్ గారు విప్పిన నట్లన్నీ మళ్ళీ బిగించారు. లోపలి నుంచి కాలితో తొక్కే గాలి పంపు తెచ్చారు. మేకు అలాగే ఉంచి గాలి కొడితే కొంత దూరం వస్తుంది, మళ్ళీ కొట్టుకుంటూ పోదాం అన్నారు. పెద్దమ్మను వెనక సీట్లో నా ఒళ్ళోకి ఒరగబెట్టాం. ఓనర్ గారు స్టీరింగ్ పట్టుకున్నారు. నాన్న పంపును ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. అద్దం మీద ఓనర్ గారు జై తెలంగాణ అని కాగితం అంటించారు. నాన్న దాని అంచు ఊడకుండా లోపలి నుంచి వేలితో నొక్కి పట్టుకున్నాడు, గ్లాసుకు అవతల ఉందని ఆయనకు కాసేపటికి తట్టింది.

కొత్తపేటలో ఒకసారి దిగి తొక్కాం. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి టైరు మళ్ళీ కూర్చుంది, అదీ సరిగ్గా వంటావార్పు ముందు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే పంక్తిలో కూర్చుని తినే నిరసన అది. అడ్డంగా రాళ్ళు, రాళ్ళ వెనక పెద్ద పెద్ద గిన్నెలు, మైకులో నినాదాలు. నాన్న లుంగీ ఎగ్గట్టి పంపు తొక్కడం మొదలుపెట్టాడు. గరిటె పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చాడు.

"ఏడికి పోతుండ్రు?"

"ఆసుపత్రికండీ, డయాలసిస్."

ఆ "అండీ" విని ఆయన నాన్నను పైకీ కిందికీ చూశాడు. "ఏ ఊరు సార్ మీది?"

"ఎల్‌బీ నగర్."

"అది గాదు. అసలు ఊరు?"

నాన్న అబద్ధం చెప్పొచ్చు. నేను చెప్పాలనే కోరుకున్నాను. "తెనాలి దగ్గరండీ" అన్నాడు, తొక్కుతూనే.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. మైకులో నినాదాలు నడుస్తూనే ఉన్నాయి. నా చేతిలో పెద్దమ్మ చేయి చల్లగా ఉంది. అప్పుడు ఓనర్ గారు కారు దిగి వచ్చి నాన్న పక్కన నిలబడ్డారు.

"మా ఇంట్ల ఉంటరు" అన్నారు.

అంతే అన్నారు. గరిటె పెద్దమనిషి వెనక్కి తిరిగి, రాళ్ళు తీయండ్రా అని అరిచాడు. ఇద్దరు ముగ్గురు ఉడుకుతున్న గిన్నెను గుడ్డలతో పట్టుకుని పక్కకు జరిపారు. ఇంకొకాయన నాన్నను తప్పించి పంపు తను తొక్కాడు. నాన్న కంటే చాలా బాగా తొక్కాడు.

మలక్‌పేట చేరేసరికి వేళ దాటింది. నర్సు కోప్పడింది కానీ, ఆ పూట చాలామంది రాలేకపోవడంతో మంచం ఖాళీగానే ఉంది. పెద్దమ్మను లోపలికి తీసుకెళ్ళారు. ఊపిరి నెమ్మదించిందని వచ్చి చెప్పాక మేము ముగ్గురం బయటికొచ్చాం. టైరు మళ్ళీ నేలకు దిగింది. నాన్న పంపు తగిలించాడు. ఓనర్ గారు ప్రహరీ నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"ఎప్పుడు ఖాళీ చేస్తుండ్రు సార్?" అన్నారు.

నాన్న కాలు ఆగింది. "ఎవరు చెప్పారండీ?"

"ఎవరు జెప్పాలె? బంగారం, కాగితాలు, బిడ్డ సర్టిఫికెట్, ఆఖరికి చక్రం చెవి గూడ బ్యాంకుల పెట్టిండ్రు. పోయెటోళ్ళే గద గట్ల సదురుకునేది."

"పోవడానికి కాదండీ. భయమేసి."

"నేనంటేనా?"

నాన్న వెంటనే కాదనలేదు. అంతకుముందు అడగకుండానే వంద వివరణలు ఇచ్చిన మనిషి, ఇప్పుడు పంపు పిడి పట్టుకుని తల వంచుకున్నాడు. "కొన్నాళ్ళు అందరంటే భయమేసిందండీ" అన్నాడు. "మీరన్నా వేసింది."

ఓనర్ గారు గోడ పట్టుకుని లేచారు. ఇక ఆ ఇల్లు మాది కాదని అనుకున్నాను.

"నాకు గూడ భయమే ఉండె సార్" అన్నారు. "తెలంగాణ ఒస్తది. ఒచ్చినంక మీరు ఉండకపోతరేమో అని."

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఉంటామండీ" అని మాత్రం అన్నాడు.

"ఉంటె మరి జర గట్టిగ తొక్కుండ్రి" అన్నారు ఓనర్ గారు. "ఆమెను ఇంటికి తోల్కపోవాలె."