పశువులపాక వెనక నీలం రబ్బరు

తెలివైనవాణ్నని అనుకోవడమే నా మూర్ఖత్వం. దాని బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియకుండా మోయడం ఇంకో బరువు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్గొండలో మా చర్చి కోసం నేనూ రూతూ క్రిస్మస్ కార్డులు చేసేవాళ్లం. మామూలు కార్డులు కావు, పొరలు పొరలుగా ఉండేవి. అడుగున చుక్కల ఆకాశం, దాని ముందు గుట్టలు, వాటి ముందు పశువులపాక, అన్నిటికన్నా ముందు తొట్టిలో బాలయేసు. పొరకూ పొరకూ నడుమ మెత్తటి స్పాంజి టేపు ముక్క అంటిస్తే బొమ్మ లేచి నిలబడుతుంది. కత్తిరింపు రూతుది, అంటింపు నాది. ఆమె సండేస్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేది. బెత్లెహేము గుట్టల్ని అచ్చం మా నల్గొండ గుట్టల్లాగే, బండ మీద బండ పెట్టినట్టు కోసేది.

ఆ డిసెంబరులో టేపు అయిపోయింది. హైదరాబాదు నుంచి తెప్పించే వ్యవధి లేదు. నాకో ఉపాయం తట్టింది. పాత హవాయి చెప్పుల్ని సబ్బుతో కడిగి, ముక్కలు కోసి, పొరల నడుమ పెట్టాను. రూతు చూసి భయపడింది, వద్దంది. వెనక ఏముందో ఎవరు చూస్తారన్నాను. పైగా బొమ్మ మునుపటికన్నా బాగా నిలబడిందని మురిసిపోయాను.

అమ్మకం రోజు, ఆరాధన అయ్యాక, సంఘపెద్ద ఒక కార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఎండకు బంక కరిగిందో, నేనే సరిగా అంటించలేదో, బాలయేసు ఊడి ఆయన కాళ్ల దగ్గర పడ్డాడు. వెనక నీలం రబ్బరు. దాని మీద చెప్పు అడుగు గీతలు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చే జనం మేము.

"గిది చెప్పు ముక్క గాదా?" అన్నాడు పెద్దాయన. ఆయన నన్ను చూడలేదు. నేరుగా రూతును చూశాడు. "ఇంకెవలు పెడ్తరు. ఇంట్ల గవే గదా ఉండేటివి."

రూతు వాళ్ల నాయిన బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాడు.

ఇక్కడ ఇంకో పొర విప్పాలి. మా తాతదీ అదే పని. మా నాయినకు సర్కారు నౌకరీ దొరికాక ఇంట్లో ఆ మాట ఎత్తడం మానేశారు. ఆ రోజు నేను నోరు తెరిస్తే పెద్దాయన చూపు నా మీదికి మళ్లేది, నన్ను దాటి మా తాత దాకా పోయేది. అదేనా నా భయం? అదే. ఇంతకన్నా మర్యాదైన కారణం చాలా వెతికాను, దొరకలేదు. చెప్పులు కోయడం వచ్చిన నాకు ఒక్క మాట చెప్పడం రాలేదు.

రూతు నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "అన్నా, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"జర ఓర్చుకో రూతు. పండుగ కానీ, నేనే చెప్త."

ఓర్చుకుంది.

కార్డులన్నీ చర్చి వెనక కాల్చారు. పండుగ అయింది. పాఠం చెప్పడానికి ఇక రావద్దని రూతుకు కబురు పోయింది. అక్క ఏదని పిల్లలు అడిగితే, ఒంట్లో బాగా లేదని చెప్పింది నేనే. ఆమె మాత్రం ఆదివారాలు, పిల్లలు వెళ్లిపోయాక, పెద్దల ఆరాధనకు వచ్చి వెనక వరుసలో చాప చివర కూర్చునేది. ఆరాధన చివర సంఘానికి ప్రకటనలు చదివే వేళకు, ఇవాళైనా లేచి చెప్తానేమోనని నా వైపు చూసేది. తర్వాత చూడడం మానేసింది. ఆ తర్వాత రావడం మానేసింది. కొన్నాళ్లకు ఇంటిల్లిపాదీ కొత్తకోట వెళ్లిపోయారు. దీన్ని పొరపాటని పిలిచి పడుకుందామని చాలాసార్లు చూశాను, పొరలు అంటించడమే నా పని కదా. కానీ పొరపాటున ఎవరైనా ఇన్నేళ్లు నోరు మూసుకుంటారా?

ఒకసారి కొత్తకోటలో బస్సు మారుతుంటే కనబడింది. బాగున్నవా అన్నా, అని అడిగింది. బాగున్నానన్నాను. ఎన్ని పండుగలు అయిపోయాయో ఆమె అడగలేదు.

పోయిన డిసెంబరులో పెద్దాయన పిలిపించాడు. బాగా ముసలివాడయ్యాడు. ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి వెనకటిలా పొరల కార్డు కావాలట. "ఆ పిల్ల ఖరాబ్ చేసింది గని, నీ చేతిల మంచి పనుండె రా" అన్నాడు. అప్పుడైనా చెప్పానా? లేదు. తల ఊపి వచ్చాను.

గుట్టల్ని రూతులాగా కోయబోయాను, రాలేదు. టేపు ఇప్పుడు నల్గొండలోనే దొరుకుతుంది. కొన్నాను, పక్కన పెట్టాను. నా కాళ్ల చెప్పులే విప్పి కోశాను. ఈసారి కడగలేదు.

దీనివల్ల రూతుకు ఒరిగిందేమీ లేదు. ఆమె మీద పడ్డ మాట అలాగే ఉంది. ఈ పగను కూడా నేను పొర కిందే దాచాను, నాకు చేతనైన పద్ధతిలో. మీకు చెప్పినందుకు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

పెద్దాయన ఆ కార్డును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ముందుగదిలో గోడకు పెట్టించాడు. రోజూ పొద్దున చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, దాని కిందే కూర్చుని ప్రార్థన చేసుకుంటాడు.